గర్భాశయ ముఖద్వార కణ పరీక్షకు బిల్లింగ్ కోడ్ ఎంచుకునే విధానం

కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం, అమలాపురం పట్టణాలలో జీవశాస్త్రంలోనో ఫార్మసీలోనో డిగ్రీ పూర్తి చేసి అమెరికా బీమా క్లెయిములపై మెడికల్ కోడింగ్ (చేసిన సేవను, దాని కారణాన్ని కోడ్లుగా రాసే పని) చేస్తున్న వారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. పాథాలజీ విభాగంలో చేరిన వారికి తొలి నెలల్లోనే ఎదురయ్యే పని పాప్ పరీక్ష, అంటే గర్భాశయ ముఖద్వార కణ పరీక్ష క్లెయిము. చూడటానికి ఇది చిన్న పరీక్ష, రిపోర్టు కూడా ఒక పేజీకి మించదు. అయినా దీనికి వైద్య సేవల కోడ్ల పట్టిక అయిన సీపీటీలోను, అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ వాడే కోడ్లలోను కలిపి ఇరవైకి పైగా కోడ్లు ఉన్నాయి. పరీక్ష పేరును బట్టి వాటిలో ఒకటి తీసుకుంటే చాలాసార్లు తప్పే అవుతుంది. స్లైడును ఎలా తయారు చేశారు, దానిని ఎవరు చూశారు, వైద్యుడు స్వయంగా చూసి అభిప్రాయం రాయవలసి వచ్చిందా, నమూనా ఏ కారణంతో తీశారు, డబ్బు ఎవరు చెల్లిస్తారు అనే ప్రశ్నలకు రిపోర్టులోను, ఆర్డరు పత్రంలోను జవాబు దొరికిన తరువాతే కోడ్ వేయాలి.

కొత్తవారు ఇక్కడ తడబడటానికి ఒక కారణం ఉంది. మన దేశంలో 2016లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల మహిళలకు ఆరోగ్య కేంద్రాలలో చేయవలసిన పరీక్ష, ముఖద్వారానికి పలుచటి ఎసిటిక్ ఆమ్లం పూసి రంగు మార్పును కంటితో చూడటం. అందులో స్లైడు లేదు, స్లైడులోని కణాలను పరీక్షించే సాంకేతిక నిపుణుడు (సైటోటెక్నాలజిస్టు) లేడు. పాప్ పరీక్ష చేసే ప్రైవేటు ప్రయోగశాలల బిల్లులో పరీక్ష పేరు, రుసుము ఉంటాయి గాని ఈ కోడ్లు కనిపించవు. కాబట్టి అమెరికా ప్రయోగశాలలో ఆ నమూనాకు ఏం జరుగుతుందో ముందు కళ్లకు కట్టినట్టు తెలుసుకోవడం మంచిది.

స్లైడు తయారీ

పాత పద్ధతిలో వైద్యుడు ముఖద్వారం నుంచి గీరి తీసిన కణాలను క్లినిక్‌లోనే గాజు పలకపై పూసి, చెడిపోకుండా స్థిరపరిచి పంపుతాడు. ద్రవ పద్ధతిలో కణాలు అంటిన బ్రష్‌ను సంరక్షక ద్రవం ఉన్న సీసాలో కడిగి గాని, దాని తలను అందులోనే వేసి గాని పంపుతారు. ప్రయోగశాలలో యంత్రం ఆ ద్రవం నుంచి కణాలను పలుచటి పొరగా స్లైడుపై పరుస్తుంది. రిపోర్టులో నమూనా వివరం దగ్గర థిన్‌ప్రెప్ అనో ష్యూర్‌పాత్ అనో ఉంటే అది ద్రవ పద్ధతి. థిన్‌ప్రెప్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1996లో అనుమతి ఇచ్చింది. ఈనాటి రిపోర్టులలో ఎక్కువగా కనిపించేది ద్రవ పద్ధతే గాని, అలా అని చదవకుండా ఊహించకూడదు.

ఈ ఒక్క విషయం తేలితే కోడ్లలో సగం పక్కకు పోతాయి. ధవళేశ్వరం దగ్గర తూర్పు డెల్టా కాలువలోకి దిగిన నీరు తిరిగి పశ్చిమ డెల్టా పొలానికి ఎలా చేరదో, ద్రవ పద్ధతి కుటుంబంలోకి వచ్చిన నమూనాకు పాత పద్ధతి కుటుంబం నుంచి కోడ్ తీసుకునే వీలు అలాగే లేదు. ఒక నమూనాకు ఒక కుటుంబం నుంచి ఒకే స్క్రీనింగ్ (స్లైడు పరిశీలన) కోడ్ వేయాలి. రెండు స్లైడులు చేశారని రెండు యూనిట్లు వేయరాదు.

ఇక్కడే మరో జాగ్రత్త చెప్పాలి. 88112 కూడా కణాలను సాంద్రపరిచి స్లైడు చేసే పద్ధతికి సంబంధించిన కోడే కాబట్టి, వెతుకుతున్నప్పుడు తెరపై అది కూడా వస్తుంది. కానీ దాని వర్ణనలోనే గర్భాశయ ముఖద్వారం, యోని నమూనాలను మినహాయించారు. మూత్రం, ఊపిరితిత్తుల ద్రవం వంటి వాటికే అది చెల్లుతుంది.

ఎవరు చూశారు

ద్రవ పద్ధతిలో నాలుగు కోడ్లు ఉన్నాయి. వైద్యుని పర్యవేక్షణలో సైటోటెక్నాలజిస్టు సూక్ష్మదర్శినితో స్లైడు చూస్తే 88142. అలా చూసిన స్లైడును మళ్లీ మనిషే రెండోసారి చూస్తే 88143. స్క్రీనింగ్ అంతా యంత్రంతోనే ముగిస్తే 88174. యంత్రం చూసిన తరువాత మనిషి మళ్లీ చూసినా, సమీక్షించినా 88175.

శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి ఒక సాయంత్రం నన్ను అడిగింది: “మేడమ్, రిపోర్టులో థిన్‌ప్రెప్ అని ఉంది కదండీ, 88142 వేసెయ్యొచ్చాండీ?” “కింద దాకా చదవమ్మా, స్లైడు ఎలా చూశారో రాసి ఉంటుంది,” అన్నాను. రిపోర్టు చివర చిన్న అక్షరాలలో, ఇమేజింగ్ సిస్టమ్ సాయంతో స్లైడును పరీక్షించినట్టు ఒక వాక్యం ఉంది. థిన్‌ప్రెప్ ఇమేజర్ స్లైడు మొత్తాన్ని స్కాన్ చేసి, అనుమానించదగిన 22 స్థానాలను గుర్తించి సైటోటెక్నాలజిస్టు ముందు పెడుతుంది. సైటోటెక్నాలజిస్టు వాటిని చూసి, తేడా కనిపిస్తే స్లైడు అంతా చూస్తాడు. అంటే యంత్రం చూసింది, ఆ తరువాత మనిషీ చూశాడు. కాబట్టి అది 88175. థిన్‌ప్రెప్ అనే పేరు స్లైడు తయారీ సంగతి మాత్రమే చెబుతుంది; ఎవరు చూశారో తెలిపేది ఆ చివరి వాక్యం. ష్యూర్‌పాత్ స్లైడులను చూసే యంత్రం కొన్నిటిని ఇక మనిషి చూడనక్కరలేదని వేరు చేయగలదు. అలా ముగిసిన స్లైడుకే 88174 సరిపోతుంది.

పాత పద్ధతి స్లైడులకు కోడ్లు ఎక్కువ, వాడకం తక్కువ. మనిషి చూస్తే, ఫలితాన్ని బెథెస్డా అనే ప్రామాణిక పదాల విధానంలో రాసిన రిపోర్టుకు 88164, వేరే విధానంలో రాసిన దానికి 88150 వేయాలి. రెండోసారి కూడా మనిషే చూస్తే వరుసగా 88165, 88153. రెండోసారి కంప్యూటర్ సాయంతో చూస్తే 88166, 88152. కంప్యూటర్ ఎంచిన కణాలను సమీక్షించే పద్ధతికి 88167 ఉంది. యంత్రమే చూస్తే 88147, ఆపై మనిషి చూస్తే 88148. బెథెస్డా విధానం 1988లో మేరీలాండ్‌లోని బెథెస్డాలో జరిగిన సమావేశంలో రూపుదిద్దుకుంది; దానిని 1991, 2001, 2014 సంవత్సరాలలో సవరించారు. నమూనా సరిపోయిందా అనే మాట, ఆస్కస్ (తేల్చి చెప్పలేని తేడా), ఎల్‌సిల్ (స్వల్ప తేడా), హెచ్‌సిల్ (తీవ్రమైన తేడా) వంటి పదాలు రిపోర్టులో కనిపిస్తే అది బెథెస్డాయే. ద్రవ పద్ధతి కోడ్లకు ఈ తేడా లేదు. ఏ విధానంలో రాసినా అవే కోడ్లు వర్తిస్తాయి.

రెండోసారి చూడటం గురించి ఒక మాట. మామూలుగా ఉన్నాయని తేలిన పాప్ స్లైడులలో కనీసం 10 శాతం మళ్లీ చూడాలని అమెరికాలో ప్రయోగశాలలను నియంత్రించే క్లియా నిబంధనలు చెబుతున్నాయి. అది ప్రయోగశాల తన నాణ్యతను తాను పరీక్షించుకునే పని. ఒక స్లైడు ఆ 10 శాతంలో పడింది కాబట్టి 88142ను 88143గా పెంచకూడదు. ఆడిట్‌లో ఇది ఇట్టే దొరికిపోతుంది. దొరకకపోయినా, చేయని సేవకు డబ్బు అడగడమే అవుతుంది.

వైద్యుడు చూసినప్పుడు

సైటోటెక్నాలజిస్టుకు అసహజంగా తోచిన స్లైడు పాథాలజిస్టు, అంటే కణాలను పరీక్షించి వ్యాధిని గుర్తించే వైద్యుని దగ్గరకు వెళుతుంది. పాథాలజిస్టు చూసి అభిప్రాయం రాసి సంతకం చేస్తే స్క్రీనింగ్ కోడ్‌కు తోడుగా 88141 వేయాలి. పాథాలజిస్టుల బృందం తన పనికి విడిగా బిల్లు పంపే చోట ఆ కోడ్ వారి క్లెయిములోకి వెళుతుంది. పేజీ పైభాగాన ప్రయోగశాల డైరెక్టరుగా ఒక పాథాలజిస్టు పేరు ముద్రించి ఉండటం సంతకం కిందకు రాదు. స్క్రీనింగ్ సిబ్బంది అసహజత ఉందని అనుమానించడం, వైద్యుడు ఆ స్లైడును స్వయంగా చూసి అభిప్రాయం చెప్పడం అనే రెండూ జరిగితేనే మెడికేర్ ఈ పనికి విడిగా చెల్లిస్తుంది. ఫలితం మామూలుగా ఉండి, సైటోటెక్నాలజిస్టు సంతకం ఒక్కటే ఉన్న రిపోర్టుకు 88141 జోడించడం నేను సరిచూసే క్లెయిములలో తరచుగా కనిపించే పొరపాటు.

మెడికేర్ అయితే

వయోవృద్ధులకు, కొందరు వికలాంగులకు ఉన్న ప్రభుత్వ బీమా మెడికేర్. లక్షణాలు ఏవీ లేని మహిళకు ముందు జాగ్రత్తగా చేసిన పరీక్షకు ఇది పై కోడ్లను ఒప్పుకోదు. తన కోడ్లు తాను పెట్టుకుంది. 88142కు బదులు జి0123, 88143కు జి0143, 88174కు జి0144, 88175కు జి0145 వేయాలి. పాత పద్ధతి స్లైడును మనిషి చూస్తే పి3000, యంత్రం చూస్తే జి0147, యంత్రం తరువాత మనిషి చూస్తే జి0148. వైద్యుని అభిప్రాయానికి ద్రవ పద్ధతిలో జి0124, పాత పద్ధతిలో మనిషి చూసిన స్లైడుకు పి3001, యంత్రం తరువాత మనిషి చూసిన పాత పద్ధతి స్లైడుకు జి0141 ఉన్నాయి. అదే మహిళకు అంతకు ముందు వచ్చిన అసహజ ఫలితాన్ని అనుసరించి ఈ పరీక్ష చేసినా, రక్తస్రావం వంటి లక్షణం ఉన్నా అది రోగనిర్ధారణ పరీక్ష. అప్పుడు 88తో మొదలయ్యే కోడ్లకే రావాలి.

క్యూ0091 ఈ వరుసలోదే అయినా ప్రయోగశాలది కాదు. నమూనా తీసి, సిద్ధం చేసి, ప్రయోగశాలకు పంపిన క్లినిక్ దానిని వేసుకుంటుంది. నమూనా పనికిరాలేదని మళ్లీ పిలిచి తీస్తే ఆ రెండోసారికి క్లినిక్, అదే సేవ మళ్లీ చేశామని తెలిపే 76 మాడిఫయరు చేర్చుతుంది.

సాధారణ ప్రమాదం ఉన్న మహిళకు 24 నెలలకు ఒకసారి, అధిక ప్రమాదం ఉన్న మహిళకు 12 నెలలకు ఒకసారి మెడికేర్ చెల్లిస్తుంది. సంతాన వయసులో ఉండి గత మూడేళ్లలో అసహజ ఫలితం వచ్చిన మహిళకు కూడా 12 నెలల లెక్కే. 16 ఏళ్లు నిండకముందే లైంగిక జీవితం మొదలవడం, సుఖవ్యాధుల చరిత్ర, గత ఏడేళ్లలో మూడు మామూలు ఫలితాలైనా లేకపోవడం వంటివి అధిక ప్రమాదం కిందకు వస్తాయి. గడువు కాకముందు వచ్చిన నమూనాకు క్లెయిము తిరస్కరణ తప్పదు. అందువల్ల మునుపటి పరీక్ష తేదీని చార్టులో చూసిన తరువాతే క్లెయిమును ముందుకు పంపాలి.

కారణం రాసే కోడ్

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసిన చోటు ఇదే అని నా నమ్మకం. ప్రొసీజర్ కోడ్ తప్పయితే నష్టం చాలావరకు ప్రయోగశాలకు. కారణం కోడ్ తప్పయితే బిల్లు ఆ మహిళ ఇంటికి వెళుతుంది. 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టం వల్ల, ముఖద్వార క్యాన్సర్ ముందస్తు పరీక్షకు చాలా ప్రైవేటు బీమాలు రోగి నుంచి ఏమీ తీసుకోకుండా చెల్లించాలి. అక్కడి నిపుణుల సంఘం 2018లో చేసిన సిఫారసు ప్రకారం 21 నుంచి 29 ఏళ్ల వారికి మూడేళ్లకోసారి కణ పరీక్ష; 30 నుంచి 65 ఏళ్ల వారికి మూడేళ్లకోసారి కణ పరీక్ష గాని, ఐదేళ్లకోసారి హెచ్‌పీవీ (ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్) పరీక్ష గాని, ఐదేళ్లకోసారి రెండూ కలిపి గాని చేయాలి. ఈ రక్షణ వర్తించాలంటే క్లెయిముపై మొదటి కారణం స్క్రీనింగ్ (లక్షణాలు లేకుండా ముందు జాగ్రత్తగా చేసే పరీక్ష) అని ఉండాలి. అసహజ ఫలితం వచ్చింది కదా అని స్క్రీనింగ్ కోడ్ తీసేసి ఫలితం కోడ్ ఒక్కటే వేస్తే, బీమా దానిని రోగనిర్ధారణ పరీక్షగా లెక్క కట్టి డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలుకాకముందు రోగి భరించే మొత్తం) కింద ఆమెకే వదిలేస్తుంది. క్యాన్సర్ భయంతో ఉన్న మనిషికి, మన తొందరపాటు వల్ల చెల్లించనక్కరలేని బిల్లు కూడా చేరుతుంది. కారణం కోడ్ల పట్టిక అయిన ఐసీడీ నియమం కూడా ఇదే చెబుతుంది: స్క్రీనింగ్ కోసం వచ్చినప్పుడు స్క్రీనింగ్ కోడ్ ముందు, దానిలో బయటపడిన విషయం తరువాత.

పాప్ పరీక్ష కోసమే వచ్చిన మహిళకు జెడ్12.4. వార్షిక స్త్రీ ఆరోగ్య పరీక్షలో భాగంగా తీస్తే, అసహజత లేనప్పుడు జెడ్01.419, ఉన్నప్పుడు జెడ్01.411. జెడ్12.4ను జెడ్01.41 వరుసతో కలిపి వేయరాదని కోడ్ పుస్తకమే చెబుతుంది. అసహజ ఫలితం తరువాత వచ్చిన మామూలు ఫలితాన్ని మరోసారి చేసి ధ్రువపరచుకోవడానికి జెడ్01.42 ఉంది.

ఫలితాలకు ఆర్87.61 వరుస వాడాలి: ఆస్కస్‌కు ఆర్87.610, ఆస్క్-హెచ్‌కు (హెచ్‌సిల్ కాదని చెప్పలేని తేడా) ఆర్87.611, ఎల్‌సిల్‌కు ఆర్87.612, హెచ్‌సిల్‌కు ఆర్87.613, క్యాన్సర్ కణాలు కనిపిస్తే ఆర్87.614, నమూనా పనికిరాకపోతే ఆర్87.615. హెచ్‌సిల్ అని చూడగానే ఎన్87.1 గాని డీ06 గాని వేయడం తప్పు. అవి కణజాలం తీసి పరీక్షించి రూఢి చేసిన వ్యాధికి వేసే కోడ్లు. పాప్ ఫలితం అనుమానాన్ని మాత్రమే తెలుపుతుంది. రూఢి కాని వ్యాధి పేరు ఆమె రికార్డులో చేరితే తరువాత తుడిచివేయడం చాలా కష్టం.

గర్భాశయం, ముఖద్వారం రెండూ క్యాన్సర్ కాని కారణంతో తీసేసిన మహిళకు యోని నుంచి నమూనా తీస్తారు. అప్పుడు జెడ్12.72తో పాటు జెడ్90.710 వేయాలి, అసహజ ఫలితం ఆర్87.62 వరుస నుంచి రావాలి. శస్త్రచికిత్స క్యాన్సర్ కోసమే జరిగి ఉంటే జెడ్08 వర్తిస్తుంది. ఆర్డరు పత్రంపై “హిస్టరెక్టమీ” (గర్భాశయం తీసివేత) అన్న ఒక్క మాట ఇంత మారుస్తుంది కాబట్టి ఆ గడి చూడకుండా ముందుకు పోవద్దు.

హెచ్‌పీవీ పరీక్ష ప్రత్యేక వరుసలో వస్తుంది. అధిక ప్రమాద రకాలన్నిటికీ కలిపి ఒకే ఫలితం ఇస్తే 87624. 16, 18 రకాలను విడిగా చూస్తే 87625. కొన్ని రకాలను విడివిడిగాను, మిగిలిన వాటిని కలిపి ఒకటిగాను తెలిపే పరీక్షకు 2025లో 87626 వచ్చింది. మెడికేర్‌లో 30 నుంచి 65 ఏళ్ల మహిళకు పాప్‌తో కలిపి ఐదేళ్లకోసారి చేసే స్క్రీనింగ్‌కు జి0476, దానికి జెడ్11.51తో పాటు జెడ్01.411 గాని జెడ్01.419 గాని ఉండాలి. ప్రారంభంలోనే రెండు పరీక్షలూ ఆర్డరు చేశారా, ఆస్కస్ వస్తేనే హెచ్‌పీవీ చేయమన్నారా అన్నది ఆర్డరు పత్రంలో చూడాలి. మొదటి సందర్భంలో హెచ్‌పీవీకి కారణం జెడ్11.51, రెండో సందర్భంలో ఆర్87.610.

ఒక రిపోర్టు ముందు పెట్టుకుందాం. 42 ఏళ్ల మహిళ, ప్రైవేటు బీమా, పాప్ పరీక్ష కోసమే వచ్చింది, ఆర్డరుపై జెడ్12.4, జెడ్11.51 ఉన్నాయి, రెండు పరీక్షలూ ఒకేసారి అడిగారు. నమూనా థిన్‌ప్రెప్, చివర ఇమేజర్ సాయంతో చూసినట్టు వాక్యం, ఫలితం ఆస్కస్, కింద సైటోటెక్నాలజిస్టు సంతకం, దాని కింద పాథాలజిస్టు సంతకం, హెచ్‌పీవీ అధిక ప్రమాద రకాలు కలిపి పాజిటివ్. దీనికి 88175, 88141, 87624 మూడు వరుసలు. మొదటి రెండు వరుసలు జెడ్12.4ను, దాని తరువాత ఆర్87.610ను చూపాలి, మూడోది జెడ్11.51ను, తరువాత ఆర్87.810ను చూపాలి. ఇదే మహిళ అంతకు ముందటి అసహజ ఫలితాన్ని అనుసరించి వచ్చి ఉంటే ప్రొసీజర్ కోడ్లు ఇవే ఉంటాయి గాని, జెడ్12.4 మొదటి స్థానంలో ఉండదు.

క్లెయిము పంపే ముందు

క్లెయిము నింపే సీఎంఎస్-1500 పత్రంలో 23వ గడిలో ప్రయోగశాల క్లియా సంఖ్య ఉండాలి. అది పది స్థానాల సంఖ్య, మూడో స్థానంలో డి అక్షరం ఉంటుంది. 17వ గడిలో ఆర్డరు చేసిన వైద్యుని పేరు, 17బిలో ఆ వైద్యుని గుర్తింపు సంఖ్య (ఎన్‌పీఐ), 21లో కారణం కోడ్లు, 24ఈలో ఏ వరుసకు ఏ కారణమో చూపే అక్షరాలు వస్తాయి. ప్రయోగశాల సేవకు సాధారణంగా నమూనా తీసిన తేదీయే సేవ తేదీ. రిపోర్టు వెలువడిన తేదీ వేయకూడదు. అమెరికాలో నెల ముందు, రోజు తరువాత రాస్తారు కాబట్టి 03/07 అంటే మార్చి 7. మన అలవాటులో జూలై 3గా చదివితే మెడికేర్ గడువు లెక్క మొత్తం తారుమారవుతుంది.

పేరు రాయని సీసా, పగిలిన స్లైడు వంటివి వచ్చి, పరీక్షించకుండానే తిప్పి పంపిన నమూనాకు బిల్లు లేదు. స్లైడు చేసి, చూసి, పనికిరాదని తేల్చిన నమూనాకు బిల్లు ఉంది.

ఆర్డరుపై కారణం లేకపోయినా, హిస్టరెక్టమీ గడి ఖాళీగా ఉన్నా, స్లైడు ఎలా చూశారో రిపోర్టు చెప్పకపోయినా ఊహించి నింపవద్దు. ప్రయోగశాలకు ప్రశ్న పంపండి. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది అయ్యేసరికి మనకు వేసవి కాలమానంలో సాయంత్రం ఆరున్నర, శీతాకాలంలో ఏడున్నర అవుతుంది. ఆ లోపు రాసి పంపితే వారు పని మొదలుపెట్టగానే చూస్తారు, అదే రాత్రి జవాబు రావచ్చు. సందేహం తీర్చుకోవడానికి తెర ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోను చేయరాదు. పేరు, పుట్టిన తేదీ కనిపించే ఆ ఫొటో రోగి సమాచార గోప్యతను కాపాడే 1996 నాటి హిపా చట్టాన్ని ఉల్లంఘిస్తుంది, పైగా అది ఒక స్త్రీ ఎంతో గోప్యంగా ఉంచుకునే విషయం. ప్రశ్నను మాటలలో, ఆమె వివరాలు లేకుండా అడగవచ్చు.

సీపీటీ జనవరి 1న, ఐసీడీ అక్టోబరు 1న మారతాయి. ఐసీడీలో ఏప్రిల్ 1న కూడా మార్పులు రావచ్చు. 88154ను 2018లో తొలగించారు గాని పాత నోట్సులలో అది ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. సీనియర్ల దగ్గర తీసుకున్న జాబితాతో పని చేస్తున్నవారు దానిని ఆ ఏటి కోడ్ పుస్తకంతో ఒక్కొక్కటిగా సరిపోల్చుకోవాలి. సేవ తేదీ ఏ ఏడాదిదో ఆ ఏడాది కోడ్లే చెల్లుతాయి కాబట్టి, డిసెంబరు చివర తీసిన నమూనాను జనవరిలో కోడ్ చేస్తున్నప్పుడు పాత పుస్తకమే తెరవాలి.